పంపు కోసం పోయిన కుర్చీ

ఆ ఊరి నీళ్ల ఆఫీసు సూపరింటెండెంటుకి రెండే భయాలు. ఒకటి ఎండాకాలం, రెండోది సాయం చేసే దేశం వాళ్లు. ఎండాకాలమైనా నయం, ఏటా ఒకే రకంగా వస్తుంది. ఆ దేశం వాళ్లు అలా కాదు. వచ్చిన ప్రతిసారీ వాళ్ల ప్రాధాన్యాలు మారిపోయి ఉండేవి.

మొదటిసారి వచ్చినప్పుడు పరిశుభ్రత అన్నారు. గుట్ట మీది పేటకి నీళ్లెక్కించే పంపు ఇవాళో రేపో అన్నట్టుంది, కొత్తది ఇప్పించి పుణ్యం కట్టుకోండని ఈయన అడిగితే, లారీ నిండా చేతులు కడుక్కునే తొట్లు వచ్చాయి. తెల్లగా మెరిసిపోతున్నాయి. తొట్టి బిగించినా పైన కుళాయిలో చుక్క రాదు కాబట్టి, పేటలో ఆడవాళ్లు వాటిలో ఉల్లిపాయలు పోసుకున్నారు. రెండోసారి పచ్చదనం అన్నారు. ఈయన పంపు అన్నాడు. మొక్కలు వచ్చాయి. వాటికి పొయ్యడానికి నీళ్లు కావాలి కదా అని ఆయన గొంతు సవరించుకునేలోపే వాళ్లు ఫొటోలు దిగి వెళ్లిపోయారు. మూడోసారి వచ్చినవాళ్లు, గుట్ట మీది ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో ఆఫీసులో కూర్చునే చూసుకోవచ్చని గోడకి ఒక తెర బిగించారు. అది చాలా మంచి తెర. ట్యాంకు ఖాళీగా ఉందని పగలూ రాత్రీ తప్పు లేకుండా చెప్పేది.

పంపు మాత్రం పాతదే. పంపుగదిలో దాన్ని కనిపెట్టుకుని ఉండే ముసలాయన్ని అందరూ పంపుతాత అనేవారు. ఆ పంపు మొదలెడితే ముక్కుతూ మూలుగుతూ, నట్లన్నీ గజగజలాడిస్తూ, బేరింగులో నుంచి పిల్లి ఏడ్చినట్టు ఏడుస్తూ తిరిగేది. పంపుతాత దాని ఒంటికి పాత సైకిలు ట్యూబులు చుట్టి, బుజ్జగించి, మాట వినకపోతే తిట్టి, ఎలాగో ఒక పూట నడిపించేవాడు. రెండో పూట అది పడుకునేది. అప్పుడు గుట్ట మీది ఆడవాళ్లు బిందెలతో దిగి ఆఫీసు మీద పడేవాళ్లు.

వాళ్లని కాసుకునేది ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చునే మరదలు. సూపరింటెండెంటు భార్యకి స్వయానా చెల్లెలు. బావగారి సిఫార్సుతో ఉద్యోగమొచ్చిందని ఎవరైనా అంటే ఊరుకునే మనిషి కాదు. పరీక్ష రాసి తెచ్చుకున్నానని, అదీ బావగారి కంటే మంచి మార్కులతో తెచ్చుకున్నానని, అడగకపోయినా చెప్పేది. నోరు పెద్దది. ఎదుటివాళ్లు ఒక మాటంటే రెండని, ఆ తర్వాత వాళ్ల పిల్లల బాగోగులు అడిగి పంపించేది. తిట్లు తిని వెళ్లినవాళ్లే మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

ఒక సోమవారం పొద్దున పెద్దాఫీసు నుంచి ఫోనొచ్చింది. సాయం చేసే దేశం వాళ్లు గురువారం వస్తున్నారట. ఈసారి వాళ్ల ప్రాధాన్యాలు మహిళా నాయకత్వం, స్థానిక భాగస్వామ్యం. మీ ఆఫీసులో నాయకత్వంలో ఉన్న ఆడవాళ్లెందరని పై అధికారి అడిగాడు. సూపరింటెండెంటు మనసులో ఆఫీసంతా ఒకసారి తిరిగొచ్చి, నాయకత్వం సంగతి దేవుడెరుగు, ఆడమనిషంటే మా మరదలొక్కతే ఉందన్నాడు. అయితే ఆవిణ్ణే మీ కుర్చీలో కూర్చోబెట్టండి, నాలుగు రోజులు మీరు పక్కన నిలబడండి, పంపు కావాలా వద్దా అన్నాడు పై అధికారి. కావాలనే అన్నాడు ఈయన. ఇంకేమనగలడు.

అడగడం అనుకున్నంత తేలిగ్గా జరగలేదు. సాయంత్రం భార్యని వెంటబెట్టుకుని పక్క వీధిలో మరదలి ఇంటికి వెళ్లాడు. తోడల్లుడు వాకిట్లో కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో పాంటు పొడుగు తగ్గిస్తున్నాడు. మరదలు టీ ఇచ్చింది, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుంది, విషయమంతా వింది. వినేసి, నాటకానికైతే తను రానంది.

"ఉత్తుత్తి కుర్చీలో నేను కూర్చోను బావగారూ. కూర్చోబెడితే ఆర్డరు ఇప్పించి కూర్చోబెట్టండి. బీరువా తాళాలు కూడా ఇవ్వాలి."

"నాలుగు రోజుల ముచ్చటకి ఆర్డరెందుకమ్మా?"

"నాలుగు రోజులైనా పేటవాళ్లు తిట్టేది నన్నే కదా."

తోడల్లుడు కత్తెర ఆపి నవ్వాపుకున్నాడు. భార్య అటు చెల్లెలి వైపూ చూడలేదు, ఇటు మొగుడి వైపూ చూడలేదు, టీ కప్పులోకి చూసింది. మర్నాటికల్లా పెద్దాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. హడావుడిలో దానిలో తేదీలు వెయ్యలేదు. తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా అని రాసేసి పంపారు. మామూలుగా రాసే మాటే కదా అని సూపరింటెండెంటు పట్టించుకోలేదు.

కుర్చీలో కూర్చున్న పూటే మరదలు ఆఫీసు జీపు సంగతి తేల్చింది. మధ్యాహ్నం పూట జీపు ఎక్కడికి పోతోందని డ్రైవరుని పిలిచి అడిగింది. సారు ఇంటి నుంచి క్యారేజీ తేవడానికని వాడు నిజం చెప్పేశాడు. ఆ మర్నాటి నుంచి సూపరింటెండెంటు క్యారేజీ చేత్తో పట్టుకుని, చమటలు కక్కుకుంటూ నడిచొచ్చాడు. నాలుగు రోజులే కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. చెల్లెలితో ఒక మాట చెప్పవే అని భార్యని బతిమాలితే, ఆఫీసు సంగతుల్లో నేను తలదూర్చనని ఆవిడ కూర కలుపుతూనే అంది.

గురువారం వాళ్లొచ్చారు. ఒక పెద్దావిడ, ఒక పొడుగాయన, మధ్యలో మాటలు అటూ ఇటూ చేరవెయ్యడానికి ఒక బక్కపల్చటి అనువాదకుడు. పెద్దావిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది, ప్రయాణంలో నలిగిన చొక్కా వేసుకుంది. పొడుగాయన గుమ్మం దాటిన ప్రతిసారీ తల వంచడం మర్చిపోయాడు. మేడమ్ గారికి సహాయకుడినని సూపరింటెండెంటు తనని తాను పరిచయం చేసుకుని, గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మరదలి చేత చదివించడానికి ఆయన ఉపన్యాసం ఒకటి రాసిచ్చాడు. అందులో సాధికారత, సుస్థిరత లాంటి మాటలు వీలైనన్ని చోట్ల దూర్చాడు. మరదలు దాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టుకుంది.

పెద్దావిడ అడిగిన మొదటి ప్రశ్నని అనువాదకుడు ఇలా చెప్పాడు: "మేడమ్, మీ దృష్టి ఎలా ఉందని అడుగుతున్నారు."

మరదలు కాసేపు ఆలోచించింది. ఇంత దూరం నుంచి వచ్చి తన ఆరోగ్యం గురించి అడుగుతున్నారంటే మర్యాద తెలిసినవాళ్లే అనుకుంది.

"దూరానివి బాగానే కనబడతాయండీ. దగ్గరివే మసక. అద్దాలు మార్చాలి."

గోడవారగా ఉన్న సూపరింటెండెంటు కళ్లు మూసుకున్నాడు. అనువాదకుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. పొడుగాయన పెన్ను ఆపి పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ నెమ్మదిగా తలూపి, మా సంస్థకీ సరిగ్గా అదే జబ్బు, ఇంత నిజాయితీగా ఎవరూ ఒప్పుకోలేదు అందట. పొడుగాయన అది రాసుకున్నాడు.

ఆ తర్వాత భాగస్వామ్యం దగ్గరికి వచ్చారు. మీ దేశం వాళ్లూ మా దేశం వాళ్లూ ఇకమీదట ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు కాదు, సమానమైన భాగస్వాములు అన్నారు. భాగస్వామ్యమంటే మరదలికి బాగా తెలుసు. మొగుడు ఒకప్పుడు ఇంకో దర్జీతో కలిసి దుకాణం పెట్టి మునిగాడు. అందుకని, సమానమంటే దేంట్లో సమానం, పని చెయ్యడంలోనా, ఏం కావాలో చెప్పడంలోనా అని అడిగింది. ఆ ప్రశ్న అటు వెళ్లాక వాళ్లిద్దరూ తమలో తాము చాలాసేపు మాట్లాడుకున్నారు. అనువాదకుడు అదేమీ ఇటు చేరవెయ్యలేదు. ఇంకా తేలలేదు మేడమ్ అని మాత్రం అన్నాడు.

పంపుగది చూశారు. పంపు ఆ పూట పరువు నిలబెట్టాలని పంపుతాత పొద్దుటి నుంచి దాన్ని తిప్పకుండా దాచి ఉంచాడు. మీట నొక్కగానే అది ఒక్క మూలుగు మూలిగి, చుట్టూ ఉన్నవాళ్ల మీద నీళ్లు చిమ్మి ఆగిపోయింది. పొడుగాయన మొహం తుడుచుకుంటూ వెనక్కి తగ్గి, గుమ్మానికి మళ్లీ తల కొట్టుకున్నాడు.

అక్కడి నుంచి గుట్ట ఎక్కారు. వద్దు, జీపు వెళ్లే దాకానే చాలు అని సూపరింటెండెంటు సైగలు చేస్తున్నా మరదలు పట్టించుకోలేదు. మలుపు తిరిగేసరికి పేట ఆడవాళ్లు బిందెలు వరసగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఫిర్యాదుల అక్క తెల్లవాళ్ల ముందు నడిచొస్తుంటే చూసి, వరసలో అందరికంటే ముందున్న పాల మనిషి లేచి నిలబడింది. రెండు రోజులుగా చుక్క లేదని, గేదెలకి ఏం పెట్టను నీ మొహం పెట్టనా అని మొదలుపెట్టింది. మిగిలినవాళ్లు అందుకున్నారు. మరదలు కూడా తగ్గలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, పంపు నా పుట్టింటివాళ్లు పెట్టింది కాదని, ఇప్పుడే దాని చేత ఒంటి నిండా తడిపించుకుని వచ్చానని, మీకే కాదు నాకూ ఒళ్లు మండుతోందని బదులిచ్చింది. ఆ కేకలన్నీ అనువాదకుడు చెమట తుడుచుకుంటూ తర్జుమా చేశాడు. ప్రజలు అధికారిని నేరుగా నిలదీస్తున్నారు, అధికారి నేరుగా జవాబు చెప్తోంది అని పెద్దావిడ పొడుగాయనతో అంది. ఆవిడ మొహంలో సంతోషం సూపరింటెండెంటుకి కూడా కనబడింది. గండం గడిచినట్టే అనుకున్నాడు.

అప్పుడే పాల మనిషి, "అవునూ, నువ్వు ఆఫీసరు ఎప్పుడయ్యావే?" అంది.

ఆ మాట తర్జుమా చెయ్యొద్దని సూపరింటెండెంటు అనువాదకుడికి కళ్లతోనే దణ్ణం పెట్టాడు. ఆ బక్కమనిషి తన పని తాను చేశాడు. పెద్దావిడ మరదలి వైపు తిరిగింది.

"మంగళవారం నుంచండీ" అంది మరదలు. "మీరొస్తున్నారని కూర్చోబెట్టారు. కుర్చీ మా బావగారిది. అదిగో, అక్కడ నిలబడ్డాయన."

సూపరింటెండెంటుకి పంపు పోయింది, ఉద్యోగం పోయేలా ఉంది, గుట్ట కింద నుంచి గాలి కూడా రావడం మానేసిందనిపించింది. పెద్దావిడ ఒకసారి ఆయన్నీ, ఒకసారి మరదల్నీ చూసింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వుతూనే చెప్పింది, అనువాదకుడు కూడా నవ్వుతూనే చేరవేశాడు. ఈ పనిలో తననీ పోయిన నెలే పెట్టారట. మహిళా నాయకత్వం గురించి చెప్పడానికి మగవాడు వెళ్తే బాగుండదని, వేరే ఊళ్లో వంతెనలు కట్టే పని చూసుకుంటున్న తనని రాత్రికి రాత్రి విమానమెక్కించారట. వంతెనలంటే తనకి చాలా ఇష్టమట. ఆ చివరి మాట చెప్పేటప్పుడు నవ్వు తగ్గింది.

ఆవిడ ఒక రాయి మీద కూర్చుని నీళ్ల సీసా తీసింది. చుట్టూ ఖాళీ బిందెలు చూసి తాగకుండానే మూత పెట్టేసింది. పంపు మా ప్రాధాన్యాల్లో లేదు అంది. ఎంత గింజుకున్నా రాదట. ఆడవాళ్లు నడిపే ఆఫీసుకి కావలసిన సామగ్రి అని మాత్రం ఒకటుందట. అదేం సామగ్రో ఆఫీసు నడిపే ఆవిడ చెప్పాలట. అయితే ఆవిడ నిజంగా నడుపుతూ ఉండాలి, మేం వెళ్లాక కూడా. చెప్పి, సూపరింటెండెంటు వైపు చూసింది. ఆయన జవాబు కోసం ఆడవాళ్లందరూ కూడా అటే చూశారు.

ఆయనకి ఆ కుర్చీ గుర్తొచ్చింది. అది తన నడుముకి తగ్గట్టు లోతుపడి ఉంటుంది. మధ్యాహ్నం తిన్నాక దానిలో వెనక్కి వాలితే కిర్రుమని ఒక చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు వింటే గానీ ఆయనకి కునుకు పట్టదు. పెళ్లికెళ్లినా పేరంటానికెళ్లినా ఆ కుర్చీ వల్లే ఆయన్ని ముందు వరసలో కూర్చోబెడతారు. ఇటు చూస్తే బిందెలు. పోనీ ఆలోచించి చెప్తానందామనుకున్నాడు. ఎండలో నిలబడ్డ పాల మనిషి ఆయన ఆలోచించడానికి వీలిచ్చే మనిషిలా కనబడలేదు.

"ఆవిడే మా సూపరింటెండెంటు" అన్నాడు.

మరి మీరేం చేస్తారని అడిగింది పెద్దావిడ.

"నేను... ఫిర్యాదుల కిటికీ దగ్గరుంటాను."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. మరదలు నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. ఆమె మాట్లాడకుండా ఉండిపోవడం పేటవాళ్లు ఎన్నడూ చూడలేదు. అది చూసే వాళ్లు ఇది ఉత్తుత్తి మాట కాదని నమ్మారు.

సాయంత్రం ఇంటికెళ్లి చెబితే భార్య, పోనీలెండి, కుర్చీ పరాయివాళ్లకేం పోలేదుగా అంది. దాంతో ఆయనకి ఇంకా ఒళ్లు మండి, అన్నం వద్దని ముసుగు తన్ని పడుకున్నాడు. ఆకలికి ఆగలేక కాసేపటికి లేచొచ్చి తిన్నాడు. భార్య పప్పు రెండోసారి వేడి చేసి పెట్టింది. పెద్దాఫీసులో తనకి న్యాయం జరుగుతుందని ఆయనకి ఇంకా ఏదో మూల ఆశ ఉండేది. వెళ్లి అడిగితే, పై అధికారి ఆయన్ని కౌగిలించుకున్నంత పని చేసి, మీ త్యాగం మరువలేం, ఆర్డరు మార్చడానికి కూడా ఏమీ లేదు, తేదీలు వెయ్యకపోవడం ఎంత మంచిదైందో చూశారా అన్నాడు. జీతం తగ్గదట. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన తిరిగొచ్చాడు.

పంపు కంటే ముందు శిక్షణ వచ్చింది. మహిళా అధికారులకి ధైర్యంగా మాట్లాడటం నేర్పిస్తామని మరదల్ని పెద్ద ఊరు తీసుకెళ్లారు. తిరిగొచ్చి, నేను ఇంకా గట్టిగా మాట్లాడాలన్నారు బావగారూ అని చెప్పింది. ఆఫీసంతా తల పట్టుకుంది. తర్వాత కొన్నాళ్లకి లారీలో పంపు దిగింది. ఆకుపచ్చ రంగు, తళతళలాడే నట్లు, మీద మహిళా నాయకత్వానికి సహాయక సామగ్రి అని రాసిన రేకు. పంపుతాత దాని చుట్టూ తిరిగి, మీట నొక్కి, చెవి ఆనించి విన్నాడు. చప్పుడే లేదని, ఇది పని చేస్తోందో లేదో తనకి తెలిసేదెలాగని దిగులుపడ్డాడు. ఇంతలో గుట్ట మీద నుంచి కేకలు వినిపించాయి. గోడ మీది తెరలో అంకె కదిలింది. సూపరింటెండెంటు, అంటే ఇదివరకటి సూపరింటెండెంటు, దాన్ని ఒంటరిగా నిలబడి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ అది కుర్చీ పోయిన దుఃఖమో, ట్యాంకు నిండిన సంతోషమో ఆయన తేల్చుకోలేదు.

కిటికీ దగ్గర మొదటి వారం నరకం. ఏదైనా రాతపూర్వకంగా ఇవ్వండి అన్నాడు. దానికి జనం ఇచ్చిన సమాధానాలు రాయదగ్గవి కావు. నిబంధనలు చెప్పబోతే పాల మనిషి, నీ కంటే నీ మరదలే నయం, తిట్టినా పని చేసేది అంది. రెండో వారానికి ఆయన నిబంధనలు మానేసి ఊఁ కొట్టడం నేర్చుకున్నాడు. ఊఁ కొడుతూ వింటే జనం ముందు నీళ్ల సంగతీ, తర్వాత అత్తగారి సంగతీ, చివరికి అసలు సంగతీ చెప్తారని తెలుసుకున్నాడు. పంపు బాగుపడ్డాక గుట్ట కింది వీధుల్లో పాత పైపులు ఆ ఒత్తిడికి ఆగలేక పగులుతున్నాయని ఆఫీసులో అందరి కంటే ముందు ఆయనకే తెలిసింది. తనకి తెలిసిన సంగతి మేడమ్ గారికి చెప్పడానికి, తన పాత గది తలుపు తట్టి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. మరదలు లేచి నిలబడబోయి, మళ్లీ ఏమనుకుందో కూర్చుంది. కూర్చోండి బావగారూ అని ఎదుటి కుర్చీ చూపించింది. పైపులకి డబ్బు లేదని ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి చాలాసేపు మాట్లాడుకున్నారు.

మరుసటి ఏడు ఆ దేశం ప్రాధాన్యాలు మళ్లీ మారాయి. ఈసారి మార్పుకి తోడు నిలిచే పురుషులు. అలాంటి పురుషుడు వాళ్ల కాగితాల్లో ఒక్కడే ఉన్నాడు. కారు పంపి ఆయన్ని పెద్ద ఊరికి తీసుకెళ్లారు, చల్లటి హాల్లో వేదిక ఎక్కించారు. కింద దేశదేశాల వాళ్లు చెవుల్లో యంత్రాలు పెట్టుకుని కూర్చున్నారు. ముందు వరసలో పెద్దావిడ ఉంది. వేదిక మీద ఈయన పక్కన ఆ బక్కపల్చటి అనువాదకుడే. అధికారాన్ని స్వచ్ఛందంగా వదులుకోవడానికి మీకు ప్రేరణ ఏమిటని అడిగారు.

ఆయన చాలా ఆలోచించాడు.

"పంపేనండీ" అన్నాడు.

అనువాదకుడు ఆయన చెవి దగ్గరికి వంగి, ఇంతేనా, ఇంకేమైనా కలపమంటారా అన్నాడు. ఇంతేనన్నాడాయన. అనువాదకుడు మైకు దగ్గరికి జరిగి చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

"ఏం చెప్పావయ్యా?"

"మీరు చెప్పిందే సార్. కొంచెం పొడుగ్గా."

భోజనాల దగ్గర పెద్దావిడ అనువాదకుణ్ణి వెంటబెట్టుకుని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. మార్పుకి తోడు నిలిచే పురుషులకి కావలసిన సామగ్రి అని ఈసారి ఒకటుందని, అదేమిటో మీరే చెప్పాలని అంది. అంటున్నప్పుడు ఆవిడ మొహం ఎంతో గంభీరంగా ఉంది. ఆయన కూడా అంతే గంభీరంగా, తన మార్పు పగలకుండా నిలబడాలంటే గుట్ట కింది మూడు వీధులకీ లావుపాటి పైపులు కావాలన్నాడు. ఎంత లావు అని ఆవిడ అడిగింది. ఆయన పక్కనున్న టీ గ్లాసులన్నీ జరిపి, బల్ల మీద రెండు చేతులతో చూపించాడు. వంతెనలు కట్టిన మనిషి కదా, ఆ కొలత సరిపోదు, ఇంకొంచెం పెద్దది అడగండి అని ఆయన చేతులు పట్టుకుని ఎడంగా జరిపింది.